ఇరవై ఇచ్చే కారు పదకొండుకు దిగిన వైనం

కొందరు కొత్త కారును గోడకు కొడతారు, కొందరు కాలవలో దింపుతారు. నేను మాత్రం నా కారుకు ఒక్క గీత కూడా పడకుండా తీసుకెళ్ళి మా చుట్టాల మధ్య గుద్దేశాను. అలాంటి ప్రమాదానికి ఇన్సూరెన్సు వర్తించదట. చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. నాకు మాత్రం చివరికొచ్చేసరికి ఎప్పుడూ నవ్వు రాదు.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న మ్యాచింగ్ సెంటరు ఉంది. మీరు చీర తెస్తే దానికి కుదిరే జాకెట్టు గుడ్డ, ఫాల్, లైనింగు ఇస్తాను. పొద్దస్తమానం మీటరు కర్రతో కొలిచి కత్తిరించే పని కాబట్టి, లోకంలో ఏ నిజమైనా కొలిస్తే బయటపడుతుందని నా గట్టి నమ్మకం. ఇల్లు మన్సూరాబాద్‌లో. నలభై దాటాక కారు కొన్నాను. కొన్నానే గానీ నడపడం రాదు. నేర్పింది మా నర్సింహ బావ.

బావ అంటే మా అక్క భర్త. పోచంపల్లిలో మగ్గం దిగి, ఇక్కడ కాలేజీ బస్సు స్టీరింగు పట్టుకుని ఇరవై ఏళ్ళు. అల్మాస్‌గూడలో ఉంటాడు. మా వైపు బావకీ బామ్మర్దికీ ఒక హక్కుంది. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. పెళ్ళి పందిట్లో నలుగురి ముందూ దొంగవనొచ్చు, దద్దమ్మవనొచ్చు, ఎవరూ పట్టించుకోరు. మా బావ ఈ హక్కును రోజూ వాడుకునేవాడు. మా నాన్న పోయాక నన్ను అంత చనువుగా తిట్టే మనిషి ఆయనొక్కడే. ఆ తిట్లు నాకెంత ఇష్టమో అప్పట్లో నాకు తెలియదు.

"క్లచ్చు మీదికెళ్లి కాలు తియ్‌రా! గది నీ దుకాణంల ముక్కాలి పీట కాదు."

"తీస్తే బండి ఆగిపోతది బావా."

"నువ్వు నడిపితే ఎట్లైనా ఆగేదే గదా!"

కారు కొన్న వారానికే అమ్మ ఉండే పోచంపల్లి తీసుకుపోయి పూజ చేయించాం. మా అమ్మ చేయి పెద్దది. కారు ఒంటి మీద బొట్టు పెట్టని చోటు లేదు. చక్రాలకు, బానెట్టుకు, స్టీరింగుకు, ఆఖరికి డ్రైవరు ముందు ముళ్ళు తిరిగే అద్దానికి కూడా పసుపు మెత్తి, రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దింది. "గిది చెరిపితే చూడు కొడకా. గదే రాలిపోవాలె," అంది. అమ్మ మాట, పైగా దేవుడి బొట్టు. నేను దాని చుట్టూ తుడిచేవాణ్ణి తప్ప దాన్ని ముట్టుకోలేదు.

ఆ నెలంతా బండి నడిపింది బావే. ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్ళీ నిండా పోయించి లెక్క కడితే లీటరుకు ఇరవై కిలోమీటర్లు వచ్చింది. ఇరవై! రామచిలుక రంగు గుడ్డ అడిగిన ఆవిడకు గుడ్డ ఇవ్వడం మానేసి ఇరవై గురించి చెప్పాను.

తర్వాత బావ, "ఇగ నువ్వే నడుపుకో. సచ్చేది నువ్వే, జనం కాదు," అని దీవించి దిగిపోయాడు. రెండో తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉంచమన్నాను. అక్కకు మోకాళ్ళ నొప్పులు, గురువారం గురువారం దవాఖానకు తీసుకుపోవాలి. "నీ కారే అనుకో బావా," అన్నాను. ఎంత ఉదారంగా అన్నానో! ఆయన ఆదివారం పొద్దున వచ్చి కారు కడిగిపెట్టేవాడు కూడా.

నేనేమో మన్సూరాబాద్ నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా మీదుగా దుకాణానికి. మా అపార్టుమెంటు సెల్లారు ఏటవాలు చూస్తే నాకు గుండె దడ. అందుకని ఆగిన చోటల్లా హ్యాండ్‌బ్రేకును రెండు చేతులతో, బావిలోంచి బొక్కెన తోడినట్టు లాగేవాణ్ణి. కారు అప్పుడప్పుడు కుయ్యిమనేది. కొత్త చెప్పులు కూడా కుయ్యిమంటాయి కదా అనుకున్నాను. ఎల్బీ నగర్ దగ్గర ఏదో మాడిన వాసన వచ్చేది. ఎల్బీ నగర్‌లో వాసన రాకపోతే కదా అనుమానించాలి!

రెండో నెల మైలేజీ పద్నాలుగు. మూడో నెల పదకొండు.

బంకు మార్చాను. టైర్లలో గాలి చూపించాను. ఏసీ కట్టేసి, దుకాణం చేరేసరికి ఉడికిన చిలగడదుంపలా దిగాను. పదకొండే. చివరికి మా కింది ఫ్లాటు సుబ్బారావుగారికి చెప్పుకున్నాను. అమలాపురం వైపు మనిషి, రిటైరయ్యారు, ఏ విషయానికైనా ఆయన దగ్గర రెండు కారణాలుంటాయి.

"మైలేజీ పడిపోయిందంటే రెండే కారణాలండీ. ఇంజనన్నా తాగాలి, ఎవరన్నా తీసుకుపోవాలి. రెండో తాళం ఎవరి దగ్గరుందండీ?"

"మా బావ దగ్గర."

"ఆహా," అన్నారాయన. అంతే. ఆ 'ఆహా' నా కడుపులో దూరి గుడ్లు పెట్టింది.

ఆ ఆదివారం బావ బైకుకు తగిలించిన సంచిలో తెల్లటి ప్లాస్టిక్ పైపు కనిపించింది. కొలవకుండానే చెప్పగలను, రెండు మీటర్లు. పెట్రోలు లాగడానికి అంతకంటే అక్కర్లేదు. ఆయన నా కళ్ళ ముందే ఆ పైపును కుళాయికి తగిలించి కారు కడుగుతున్నాడు. అయినా నాకు నీళ్ళు కనిపించలేదు, పెట్రోలే కనిపించింది. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. నడపలేక బావ దొంగ అన్నది నేను కనిపెట్టిన సామెత.

అడగడానికి ధైర్యం లేదు. అప్పుడు నాకొక దిక్కుమాలిన తెలివి పుట్టింది. బావాబామ్మర్దుల హక్కుంది కదా, ఎగతాళిలా అంటే సరి! తప్పయితే నవ్వులో కలిసిపోతుంది, నిజమైతే ఆయన మొహమే చెబుతుంది.

బోనాల రోజు, అల్మాస్‌గూడలో అక్క ఇంట్లో, చుట్టాలందరూ వరసగా కూర్చుని తింటున్నారు. అక్క మోకాళ్ళు పట్టుకుంటూనే వడ్డిస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"మా బావ బైకు నీళ్లతోటి నడుస్తదనుకుంటున్నరా? నా కారు పాడి బర్రె. ఈయన పొద్దుగాల్నే వచ్చి పితుక్కపోతడు!"

అందరూ నవ్వారు. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. "నీ బర్రె వట్టిపోయిందిరా, మేపేటోడు సక్కగ లేడు," అన్నాడు.

అక్కడ ఆపి ఉంటే ఈ కథే లేదు. నేను ఆపలేదు.

"నవ్వుడు గాదు బావా. ఇరవై ఇచ్చే బండి పదకొండు ఇస్తున్నది. నీ సంచిల పైపు ఎందుకున్నది మరి?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందులో ఎగతాళి లేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చేతిలో గరిటెతో అక్క అలాగే నిలబడిపోయింది.

బావ చేయి కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి నా విస్తరి పక్కన పెట్టాడు.

"పైపు కారు కడగనీకి తెచ్చిన," అన్నాడు. "మీ అక్కను తీస్కపోయినప్పుడల్ల పెట్రోలు నేనే పోయించిన. నీకు చెప్పలే. చెప్తే వద్దంటవని."

అర్థమైందా మీకు? ఆయన పోయించింది కూడా కలుపుకుంటే నా లెక్క పదకొండు కూడా కాదు. బహుశా తొమ్మిది. ఆ క్షణంలో, సిగ్గుతో చచ్చిపోవాల్సిన క్షణంలో, నా బుర్ర ఆ భాగాహారం చేసిందంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పది రోజుల తర్వాత ఎల్బీ నగర్‌లో వెనక చక్రం దగ్గర పొగ లేచింది. ఎలాగో దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణం వెనక సందులో ఉన్న ముసలి మెకానిక్కు దగ్గరికి చేర్చాను. ఆయన నా సీట్లో కూర్చున్నాడు. అద్దం మీది బొట్టు కేసి చూశాడు. నేను "అయ్యో, ముట్టకు!" అనేలోపే బొటనవేలు తడిచేసి తుడిచేశాడు. దాని వెనక ఎర్ర దీపం వెలుగుతోంది.

"గిదేంది సార్?"

"నాకు తెల్వదు."

"హ్యాండ్‌బ్రేకు. లాగుడు మంచిగనే లాగుతున్నవు గని, దించేటప్పుడు మొత్తం దించకుంట ఒక పన్ను మిగిలిస్తున్నవు. బ్రేకు పట్టుకోనే ఉంటది, నువ్వు ఉరికిస్తనే ఉంటవు. పెట్రోలు తాగదా మరి? ఎన్ని రోజుల సంది?"

"బొట్టు పెట్టిన సంది," అన్నాను.

బావకు చేయి తిరిగిన పని. ఆయన కూర్చుంటే బ్రేకు పూర్తిగా దిగేది, కాబట్టి ఆయనకూ అనుమానం రాలేదు. గుమ్మడికాయల దొంగ నేనైతే, అందరి ముందూ భుజాలు తడిమింది బావవి.

ఆ సాయంత్రమే అల్మాస్‌గూడ వెళ్ళాను. ఆశగా వెళ్ళానండీ, ఒప్పుకుంటాను. హ్యాండ్‌బ్రేకు వేసుకుని రెండు నెలలు తిరిగిన బామ్మర్ది దొరకడమంటే ఏ బావకైనా జాగీరు దొరికినట్టే. జీవితాంతం ప్రతి పెళ్ళిలోనూ నన్ను ఏకిపారేయొచ్చు. నేను క్షమాపణ చెప్పి, కథంతా అభినయించి చూపించాను. రెండు చేతులతో లాగడం, కుయ్యిమనడం, పొగ, ఏదీ వదల్లేదు. అక్క ఏడుస్తూనే నవ్వేసింది.

బావ అంతా విన్నాడు. "అట్లనా. ఒక్కొక్కపారి అయితది తీ," అన్నాడు. "చాయ్ తాగు."

"తిట్టు బావా."

"ఎందుకు తిడ్త? నీకు అనుమానం వచ్చింది, అడిగినవ్."

చాయ్ ఇచ్చాడు. పిల్లల చదువులు అడిగాడు. గేటు దాకా వచ్చి, కారు వెనక్కి తీస్తుంటే కిరాయికి వచ్చిన బండికి చూపించినట్టు మర్యాదగా దారి చూపించాడు. నేను ఇంజను రెండుసార్లు ఆపేశాను. అందులో రెండోసారి కావాలనే ఆపాను. ఒక్క తిట్టు కూడా పడలేదు.

కాబట్టి అమ్మ పెట్టిన బొట్టు సాక్షిగా, నా మీటరు కర్ర సాక్షిగా, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: లోకంలో ఏది తగ్గినా ముందు నన్నే అనుమానించుకుంటాను. మనిషిని కొలిచే పని జన్మలో చేయను. మా బావ నన్ను మళ్ళీ "దద్దమ్మా" అనేదాకా నేను ఎవరితోనూ ఎగతాళి ఆడను.

నాలుగేళ్ళయింది. కారు ఇప్పుడు మళ్ళీ ఇరవై ఇస్తోంది. బావ మాత్రం నన్ను ఇంకా "బాగున్నవా శేఖర్" అనే అడుగుతున్నాడు.