తీసిపెట్టు వైద్యం

చూపులేని పిల్లలకు పాఠాలు వినిపించే ఆ సంస్థలో కంప్యూటర్లు చూసుకునే ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ ఆయన తీసిపెట్టు బాబాయి. ఏది చెడిపోయినా ఆయన దగ్గరున్న మందు ఒక్కటే, తీసి మళ్ళీ పెట్టడం. ప్రింటరు మొరాయించిందా, వైరు తీసి పెట్టు. సాఫ్ట్‌వేర్ తిక్క వేషాలు వేసిందా, మొత్తం పీకేసి మళ్ళీ ఎక్కించు. చెప్పొద్దూ, చాలాసార్లు ఆ వైద్యం పనిచేసేది. అదే ఆయన కొంప ముంచింది. పనిచేసే మందు చేతిలో ఉన్నవాడు రోగం పేరు అడగడు.

ఇంట్లోనూ అదే వరస. మిక్సీ, కుళాయి, గోడ గడియారం అన్నీ ఆయన చేతిలో ఒకసారి విడిపోయి కలిసినవే. "ఏదో ఒకనాటికి నన్ను కూడా పుట్టింటికి పంపి మళ్ళీ తెచ్చుకుంటే బాగుపడతాననుకుంటాడు" అని భార్య అంటూ ఉంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక ఆయనకు చిన్నప్పటి నుంచీ లేదు. సగం వినగానే సరే అనేస్తాడు. మనుషులతోనే అలా ఉండేవాడు మిషన్ అడిగే ప్రశ్నలు చదువుతాడా?

ఆ సంస్థలో పాఠాలన్నీ ఆయన అక్క గొంతులో ఉన్నాయి. పుస్తకాలు చదివి రికార్డు చేయడమే ఆవిడ ఉద్యోగం. అట్టమీది పేరు మొదలుకొని అడుగున చీమతలకాయల్లాంటి అక్షరాల దాకా ఒక్క ముక్క వదిలేది కాదు. తర్వాత గొంతులో రాచపుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అది తీసి మళ్ళీ పెట్టే వస్తువు కాదు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పటికీ ఆవిడ రోజూ వస్తుంది, చుక్కల లిపిలో పిల్లలు రాసిన జవాబులు దిద్దుతుంది. ఏమైనా చెప్పాలంటే ఫోన్‌లో టైపు చేసి మొహం ముందు పెడుతుంది. తమ్ముడికైతే ముక్కుకు తగిలేంత దగ్గరగా పెడుతుంది.

పరీక్షల ముందు ఒక ఉదయం వెబ్‌సైట్ నత్తనడక మొదలుపెట్టింది. పిల్లలు పాఠం నొక్కితే అది సగంలో ఆగిపోతోంది. బాబాయి చొక్కా చేతులు మడిచాడు. పాఠాలను నెట్‌లో అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను పీకేశాడు. ఎటూ కడుగుతున్నాం కదా, మూలలు కూడా శుభ్రంగా ఉండాలని దాని సెట్టింగుల ఫోల్డర్‌ను కూడా తన చేత్తోనే చెరిపేశాడు. మళ్ళీ ఎక్కించాడు. తెరమీద ఏవేవో వరసలు గబగబా పైకి జరిగిపోయి, పని పూర్తయిందని వచ్చింది. ఆయన టీ తాగడానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి అంతకుముందు సగమైనా వినిపించే పాఠాలు అసలు తెరుచుకోవడమే లేదు. సర్వర్ లేవనంటోంది, సెట్టింగులు కనబడటం లేదంటోంది. "ఇప్పుడేగా పెట్టాను" అని గొణిగి ఆయన మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఫలితం లేదు. ఇంకోసారి తీసి పెట్టాడు. ఫోన్లు మోగుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు ఒకసారి వచ్చి తెర వంక, గడియారం వంక చూసి వెళ్ళిపోయారు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

అప్పుడు అక్క వచ్చింది. ఫోన్ ముక్కుదగ్గర పెట్టింది. "ఏమంటోంది?"

"ఏదో అంటుందిలే అక్కా, అదంతా మామూలే."

"చదువు. పైకి చదువు."

ఆయన విసుక్కుంటూనే తెరను వెనక్కి జరిపి చదివాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి ఒక్కో వరసా చెబుతుంటే మధ్యలో ఒక చోట నాలుక ఆగింది. "చెరిపేసిన సెట్టింగుల ఫైలును తిరిగి పెట్టడం లేదు." మొదటిసారి నుంచీ ఆ మాట అక్కడే ఉంది. ఎన్నిసార్లు ఎక్కించాడో అన్నిసార్లూ మిషన్ మర్యాదగా చెబుతూనే ఉంది. ఇంటాయన కావాలనే పారేసిన వస్తువును ఏరుకొచ్చి మళ్ళీ గూట్లో పెట్టడం దాని పద్ధతి కాదు. అక్క తమ్ముడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, పిల్లలకు సర్దిచెప్పడానికి తరగతి గదికి వెళ్ళింది.

దారి తెలిసిపోయింది. సాఫ్ట్‌వేర్‌ను దాని జ్ఞాపకాలతో సహా తుడిచేయాలి. అప్పుడు కొత్తగా ఎక్కిస్తే, పాత సంగతులేవీ ఎరగనట్టే అన్నీ పెడుతుంది. బాబాయి హుషారుగా ఆజ్ఞ కొట్టాడు. మిషన్ ఒక ప్రశ్న అడిగింది. ఆయన వేలు అలవాటుగా 'అవును' మీదికి వెళ్ళింది.

నొక్కలేదు. గదిలో ఎవరూ లేరు. అయినా పైకే చదివాడు. "దీనితోపాటు, ఇది అందిస్తున్న ఫైళ్ళన్నింటినీ శాశ్వతంగా తొలగించమంటారా?"

ఫైళ్ళంటే పాఠాలు. పాఠాలంటే అక్క. నకలు ఉంది కదా అంటారేమో, ఉంది, అది కూడా ఆ మిషన్‌లోనే ఉంది. పక్క ఫోల్డర్‌లో పెట్టాడు మహానుభావుడు. మారు తాళంచెవి చేయించి ఇంట్లోనే పెట్టి తాళం వేసుకున్నట్టు. బాబాయి వేలిని మెల్లగా వెనక్కి తీసుకుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకు భయం వేసింది. ఆపరేషన్ రోజున ఆస్పత్రి వరండాలో కూడా అంత భయపడలేదు, అప్పుడు కనీసం కత్తి డాక్టరు చేతిలో ఉంది.

'వద్దు' నొక్కాడు. ఆ మాటనూ నమ్మబుద్ధి కాలేదు. ఆ పని అక్కడికి ఆపేసి ప్రిన్సిపాల్ గారి గదికెళ్ళి, "మేడమ్, బయట పెట్టుకునే డిస్క్ ఒకటి కావాలండి. పాఠాలకు వేరేచోట నకలు లేదు. తప్పు నాదే" అన్నాడు. ఆవిడ సొరుగులోంచి తీసి ఇచ్చారు. పాఠాలన్నీ దానిలోకి ఎక్కేదాకా ఆయన కుర్చీలోంచి కదల్లేదు. ఎక్కాక కొన్నింటిని తెరిచి చూసుకున్నాడు. డిస్క్‌ను ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గానీ మళ్ళీ తుడవడం మొదలుపెట్టలేదు. అడిగిన ప్రతి ప్రశ్ననూ చివరి చుక్కదాకా చదివి జవాబిచ్చాడు. ఈసారి సెట్టింగులు వచ్చి కూర్చున్నాయి. సర్వర్ లేచింది.

ప్రిన్సిపాల్ గారు, అక్క ఇద్దరూ వచ్చి వెనక నిలబడ్డారు. పరీక్షకని బాబాయి ఏదో ఒక పాఠం నొక్కాడు. స్పీకర్‌లో అక్క గొంతు నిండుగా, కొంచెం అధికారంగా మొదలైంది. నల్లరేగడి నేల నీటిని ఎందుకు పట్టి ఉంచుతుందో చెబుతూ చెబుతూ ఒక్కసారి ఆగింది.

"ఒరేయ్, వచ్చినవాడివి ఆ తలుపు దగ్గరికి వెయ్యి. పిల్లలకి నీ చెప్పుల చప్పుడెందుకూ?"

అంతే, ఏమీ జరగనట్టు మళ్ళీ నల్లరేగడిలోకి వెళ్ళిపోయింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చప్పుడు లేకపోతే తెలియదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

బాబాయి లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"అదెందుకండీ వేశారు, ఉక్కపోస్తుంటే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అక్క వెయ్యమంది కదండీ" అన్నాడు ఆయన.