నరసింగరావుగారి గంట

మా జూట్ మిల్లు నేత విభాగం మేనేజరు శ్రీ నరసింగరావుగారు మొన్న శుక్రవారం ఉదయం శ్రీకాకుళంలోని స్వగృహంలో దివంగతులయ్యారు. వార్త విని నిర్ఘాంతపోయాను. ఆయన పోయినందుకు కాదు, సాయంత్రానికల్లా ఉత్తమ నాయకుడైపోయినందుకు. సంతాపసభలో కార్యదక్షత, సమదృష్టి, ఆశ్రిత వాత్సల్యం అంటూ ఆయనకు లేని గుణమే లేదన్నారు వక్తలు. ఆయన దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి కనుక, మా సంఘం సంచికకు నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నిజమే రాస్తానని ముందే చెప్పాను.

వారి నాయకత్వమంతా ఒక ఇత్తడి గంటలో ఉండేది. వారు షెడ్డులోకి దయచేసే ముందు బంట్రోతు సూరన్న ఆ గంట వాయిస్తూ నడిచేవాడు. మగ్గాల హోరులో గంటేం వినబడుతుందని మీరడగవచ్చు. భయమున్న చెవికి ఏ హోరూ అడ్డు కాదు. గంట మోగగానే టీ తాగుతున్నవాడు గ్లాసు దాచేవాడు, కూర్చున్నవాడు లేచేవాడు, చెడిపోయిన మగ్గం మీద మేస్త్రీ గోనెపట్టా కప్పేసేవాడు. అప్పుడు ప్రభువులు ప్రవేశించి, సమస్తమూ సవ్యంగా ఉండడం తిలకించి, సంతృప్తులై నిష్క్రమించేవారు. "నా విభాగం సంగతి నా కళ్ళతో నేనే చూసుకుంటాను" అని తరచు సెలవిచ్చేవారు.

ఒకసారి కలకత్తా నుంచి మా గోనెసంచులు బాగున్నాయని మెప్పు వచ్చింది. దండ ఆయన మెడలో పడింది. మరోసారి సరుకు తిరిగి వచ్చింది. అప్పుడు మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, "మనమంతా ఒక కుటుంబం. ఇంట్లో వస్తువు పగిలితే అది పిల్లల పనే అవుతుంది" అన్నారు. మెప్పు వచ్చిననాడు ఆ కుటుంబం ఏ ఊరు వెళ్ళిందో ఇప్పటికీ నాకు తెలీదు.

చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన నేతగాడు అప్పన్న. అతని మగ్గానికి బెల్టు చివికిపోయింది, దాని మీది రేకు తొడుగు ఊడిపోయింది. మేస్త్రీతో మొరపెట్టుకుంటే, "దొరగారు సూస్తేగాని కొత్తది రాదురా" అన్నాడు. దొరగారు వచ్చినప్పుడల్లా దాని మీద పట్టా కప్పిందీ ఆ మేస్త్రీయే. చివరికొకనాడు గంట మోగినా అప్పన్న పట్టా కప్పనివ్వలేదు. వెళ్ళి దారికడ్డంగా నిలబడ్డాడు.

"బాబూ, ఈ బెల్టు తెగిపోతాదండి. ఓపాలి సూడండి."

నరసింగరావుగారు మగ్గం వైపు చూడలేదు. సూరన్న వైపు చూశారు.

"గంట సరిగ్గా కొట్టలేదేంరా?" అన్నారు.

ఆ వారంలోనే బెల్టు తెగింది. అప్పన్న కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. విచారణలో నరసింగరావుగారు, "నేను రోజూ షెడ్డు తిరుగుతాను. పాడైన మగ్గమేదీ నా కంటపడలేదు" అన్నారు. చూడనివాడి కంట ఏం పడుతుంది? తప్పు అప్పన్న అజాగ్రత్తదేనని తేల్చి ఇంటికి పంపేశారు. ఇప్పుడతను మిల్లు గేటు ఎదురుగా టీ దుకాణంలో ఎడమచేత్తో గ్లాసులు కడుక్కుంటున్నాడు.

నాయకుడి లక్షణాల మీద వక్తలంత పాండిత్యం నాకు లేదు. చెప్పాపెట్టకుండా వచ్చి, చెప్పింది విని, చూపించింది చూస్తే చాలనుకుంటాను. దానికి రెండు కాళ్ళూ, కాస్త సిగ్గూ ఉంటే సరిపోతుంది. నరసింగరావుగారికి కాళ్ళు బాగానే ఉండేవి.

శనివారం అంతిమయాత్ర మిల్లు గేటు మీదుగానే నాగావళి ఒడ్డుకు సాగింది. పాడె ముందు జంగందేవర శంఖం ఊది గంట వాయించాడు. అంతే, టీ దుకాణంలో మా వాళ్ళందరూ ఒక్క ఉదుటున లేచారు. బీడీలు ఆర్పేశారు. ఒకడు గ్లాసు బల్లకిందకి తోసేశాడు. పాడె వెనక నడుస్తున్న పెద్దలు చూసి, ఎంత గౌరవమో అని కళ్ళొత్తుకున్నారు. 

గ్లాసులు కడిగే తొట్టి దగ్గర కూర్చున్న అప్పన్న మాత్రం లేవలేదు.

"ఇన్నాళ్ళూ వస్తన్నాడని లెగిసీవోళ్ళం. ఇప్పుడెల్లిపోతన్నాడు కదేటి. కూకోండర్రా!" అన్నాడు.

ఒక్కొక్కరే కూర్చున్నారు.

సంతాపసభలో అందరూ తీరని లోటు అన్నారు. తీరని లోటు ఉన్నమాట నిజం. అది అప్పన్న కుడిచేతికి ఉంది. నా నమస్కారం ఆ చేతికి.