మాబున్ని అత్త, చింతచెట్టు కొంగలు

మొన్న వాన వెలిసిన ఉదయం కల్లూరులో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్క చెట్టు మీద నుంచి చేపల కంపు, తడిసిన రెట్ట వాసన కలిసి గుప్పున వచ్చింది. పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం తల ఎత్తి గూళ్ల కోసం వెతికాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు చెవులు వేడెక్కుతాయి. సిగ్గు వల్ల. ఆ తరువాతే సంతోషం వస్తుంది. రెండూ ఒకే చెట్టు కింద, ఒకే మనిషి పక్కన నిలబడి నేర్చుకున్నవి.

నేను పుట్టింది కడప జిల్లాలో ఒక నేతగాళ్ల వీధిలో. నా పేరు కమల. ఆ పేరే నాకు నోరు తిరిగేది కాదు. నాకు నత్తి. అన్ని అక్షరాలకూ కాదు, ‘క’ దగ్గర మాత్రం గొంతు తలుపు వేసుకునేది. బడిలో పేరు అడిగితే “క... క... క...” అని అక్కడే ఆగిపోయేదాన్ని. పిల్లలు నన్ను ‘కాకి’ అని పిలిచేవారు. అయ్యవారు కూడా ఒకసారి నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు, కానీ చుట్టాలు వస్తే నన్ను లోపలి గదిలోకి పంపేవారు. ఎవరైనా పలకరిస్తే నాయన వెంటనే అందుకుని, “దానికి గొంతు నొప్పి” అనేవాడు. ఆ గొంతు నొప్పి ఏళ్ల తరబడి తగ్గలేదు. నోరు తెరవడం ఒంటి మీద బట్ట లేకుండా బయటికి రావడమంత సిగ్గని అప్పుడే నాకు అర్థమైపోయింది. బడి వదలగానే మిద్దె ఎక్కి కూర్చునేదాన్ని.

మా మిద్దెకూ మాబున్ని అత్త మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడ ఒకటే అడ్డం. ఆమె చీరల కొంగులకు కుచ్చులు అల్లేది. భర్త లారీ మీద పోతే వారాల తరబడి తిరిగి వచ్చేవాడు కాదు. ఆమె పుట్టిల్లు కోసిగి దగ్గర. అక్కడ చిన్నప్పుడు ఆమెను జొన్న చేలో మంచె ఎక్కించి, పిట్టలను తోలే పని పెట్టారట. “తోలాలంటే సూడాల కదమ్మా. సూసి సూసి తోలడమే మర్సిపోయినా. మా నాయన శానా కొట్టినాడు,” అని నవ్వేది.

మొదటి రోజు ఆమె నన్ను పేరు అడగలేదు. పిడికెడు నూకలు గోడ మీద చల్లి, “నోరు ఇప్పొద్దు. కదలొద్దు. సూడు,” అంది. పిచ్చుకలు వచ్చాయి. వాటి వెనక గోరింకలు వచ్చాయి. నలుగురిలో నోరు మూసుకోవడం తప్పు కాని చోటు ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఎర్రటి పిర్ర ఉన్న నల్ల పిట్ట ఒకటి వాలితే, అదేమిటని చెయ్యి చూపి అడిగాను. “పేరా? నాకూ తెలీదు. దినామూ వస్తాది, జత లేకుంటే తినదు. అంత మాత్రం తెలుసు,” అంది. ఆమె దగ్గర పేర్లు లేవు. అందుకే కాబోలు, నా పేరు చెప్పలేని అవస్థ ఆమెకు అవస్థలాగా అనిపించలేదు.

వానలు బాగా పడిన ఒక ఏడు ఊరి చెరువు నిండింది. మా వీధి చివరి చింతచెట్టు నిండా తెల్లకొంగలు, గుడ్డికొంగలు గూళ్లు పెట్టాయి. అత్తా నేనూ మిద్దె మీద నుంచే గూళ్లలోకి చూసేవాళ్లం. తల్లి కొంగ గొంతులోకి పిల్ల తన ముక్కు దూర్చి కప్పను లాక్కుంటుంటే, అత్త కుచ్చులు అల్లడం ఆపేసేది. ఆ ఏడు నేను బడి కంటే చింతచెట్టునే ఎక్కువ చదివాను.

కానీ ఆ చెట్టు కిందే నేతగాళ్ల పడుగులు సాగేవి. మగ్గానికి ఎక్కించే నూలుపోగులను తెల్లవారుజామున వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి ఆరబెట్టేవారు. వాటి మీద కొంగలు రెట్టలు వేసేవి. మా నాయన పడుగే ఒకటి మరకలు పడి పాడైంది. ఇంటిల్లిపాది కష్టం అది. చెట్టు కొట్టేద్దామని వీధి పెద్దలు అనుకుంటే, నాయన కూడా తల ఊపాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

గొడ్డలి మనిషి వచ్చిన రోజు అత్త పోయి చెట్టు మొదట్లో నిలబడింది. వెనకాలే నేను. “పిల్లలు ఎగిరేదాకా ఆగండప్పా. అంతదాకా మా ఇంటెనక జాగా ఉండాది, పడుగులు ఆడ సాపుకోండి,” అంది.

“కొంగల మింద అంత ప్రేమా? నీ కుచ్చులకేమైనా మరకలయితాండాయా?” అన్నాడొక పెద్దాయన. మగవాళ్లంతా నవ్వారు. అత్త తల వంచుకుని కొంగు సర్దుకుంది. ఎప్పుడూ అంత చిన్నగా కనబడని మనిషి ఆమె. అది చూడలేక నేను నోరు తెరిచాను.

“క... క... క...”

“కాకి గాదప్పా, అవి కొంగలు!” అని ఎవరో అరిచారు. నవ్వు చెట్టు చుట్టూ తిరిగింది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, నోరు మాత్రం మూసుకోలేదు, మాట బయటికి రానూ లేదు. జనంలోంచి నాయన వచ్చాడు. రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోతాడనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఉండండప్పా,” అన్నాడు. “నా బిడ్డ ఏదో సెప్తాండాది. సెప్పనీండి.”

అందరూ నిలబడి చూస్తుండగా, అక్షరం తరువాత అక్షరం లాక్కుంటూ నేను చెప్పిన మాట ఇంతే: “కొంగపిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు.” అది ముగిసేసరికి ఎవరూ నవ్వడం లేదు. గొడ్డలి మనిషే ముందు కదిలాడు. “దసరా పోనీండప్పా, అప్పుడొస్తా,” అని గొడ్డలి భుజాన వేసుకున్నాడు. పెద్దలు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

గెలిచానని నాకు అనిపించలేదు. పరుగెత్తుకుంటూ పోయి మాబున్ని అత్త మంచం కింద దూరాను. ఆమె వచ్చి నేల మీద చతికిలబడింది.

“సిగ్గయిందా?”

“ఊ.”

“నాకూ అయింది.” మంచం కిందికి చెయ్యి చాపి కొంగుతో నా మొహం తుడిచి, “మనకు సిగ్గయితే అయిందిలేమ్మా. ఆ పిల్లలు కింద పళ్లేదు కదా,” అంది.

ఆ సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద కలపలేదు. “గొంతు నొప్పని సెప్పకుండా ఉండాల్సింది నేను,” అన్నాడు కంచం వైపు చూస్తూ. నా మొహం చూడలేకపోయాడు. నేనూ చూడలేకపోయాను.

కొంగపిల్లలు ఎగిరిపోయాయి. దసరా తరువాత చెట్టు కొట్టేశారు. మరుసటి ఏడు కొంగలు వచ్చి, ఆ ఖాళీ మీద రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయాయి. అత్త కొన్నేళ్లకు కొడుకు దగ్గరికి ఆదోని వెళ్లింది, అక్కడే పోయింది. వీధిలో ఆమెను తలచుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువ మంది లేరు. తలచుకున్నా కుచ్చులు బాగా అల్లేదంటారు.

నేనిప్పుడు సైన్సు టీచరును. ఆదివారాలు ఇష్టమున్న పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోతాను. అత్తకు తెలియని పేర్లన్నీ పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. పికిలిపిట్ట, లకుముకి, కొంగల్లో ఇన్ని రకాలు. నత్తి మాత్రం పోలేదు. “మేడం, అదేం పిట్ట?” అని పిల్లలు అడుగుతారు. నేను “క... క...” అంటూ ఉండగానే అది కాస్తా ఎగిరి అవతలి గట్టుకు చేరుతుంది. పిల్లలు నవ్వుతారు. నా చెవులు వేడెక్కుతాయి. అయినా ఖాళీ అయిన నీళ్ల వైపు చూస్తూ, దాని పేరు చివరిదాకా చెబుతాను.