వ్యాన్ కొనేముందు సీటు ఎత్తి చూడమన్నాను

ఈ పేజీకి నేను రాయడం ఇది మూడోసారి. మొదటి రెండు ఉత్తరాలకు జవాబు లేదు, అందినట్టు ఒక కార్డు ముక్కైనా రాలేదు. ఈలోగా పాత బండ్లు కొనడం గురించి ఒక మెకానిక్ రాసింది వేశారు, ఒక ఫైనాన్సు గుమాస్తా రాసింది వేశారు, ఆఖరుకు బండ్ల మీద పేర్లు రాసే పెయింటర్ అనుభవాలు కూడా వేశారు. ఇంజన్ వినమన్నారు, టైర్లు చూడమన్నారు, కాగితాలు చదవమన్నారు. సీటు ఎత్తి కింద చూడమని ఒక్కరూ రాయలేదు. సీట్లు కుట్టేవాడిని ఎవరూ అడగలేదు మరి. అడక్కపోయినా చెబుతున్నాను.

1989వ సంవత్సరం. కొత్తగూడెంలో పాల్వంచ వెళ్ళే రోడ్డు మీద, లారీ గ్యారేజీల వరసలో నాది కుషన్ షాపు. కుషన్ పని అంటే బండ్ల సీట్ల పని. సీటుకు అడుగున ఇనప చట్రం ఉంటుంది, దాన్ని ఫ్రేమ్ అంటాం. దాని మీద స్ప్రింగులు, వాటి మీద కొబ్బరి పీచు, ఆ పైన ఫోమ్, అన్నిటికీ పైన రెక్జిన్. ఫ్రేమ్ కాళ్ళను బండి అడుగు రేకుకు బోల్టులతో బిగిస్తారు. ఆ రేకును ఫ్లోర్ అంటాం. నేను కుట్టిన ప్రతి సీటు వెనక, కింది అంచులో, షాపు పేరున్న చిన్న గుడ్డ పట్టీ కుట్టేవాడిని. పని మీద నాకు అంత నమ్మకం. ఆ పట్టీయే తర్వాత నా పీకకు చుట్టుకుంది.

మా పనిలో ఒక చిక్కు ఉంది. పాత బండి కొనేవాళ్ళు మెకానిక్‌ను ముందు పిలుస్తారు, మమ్మల్ని ఆఖరున పిలుస్తారు. బేరం అయిపోయి, డబ్బు చేతులు మారాక, “సీట్లు కొంచెం బాగు చెయ్యి” అంటూ వస్తారు. సీట్లు విప్పితే గానీ ఫ్లోర్ కనపడదు. కాబట్టి బండి అసలు సంగతి తెలిసేది మాకే, తెలిసేటప్పటికి ఎవరికీ పనికిరాదు. ఆ ఏడు మాత్రం ఒక బండి బేరానికి ముందే నా దగ్గరికి వచ్చింది.

దాన్ని తెచ్చింది మల్లేశం అనే బ్రోకరు. చిన్న డీజిల్ వ్యాను, వెనక మూడు వరసల బెంచీ సీట్లు. కొత్తగా తెల్ల రంగు వేయించాడు.

“వెంకన్నా, ఎర్ర రెక్జిన్ వెయ్యి. పెండ్లిపిల్ల లెక్క మెరవాలె.”

సీట్లు దింపి పాత కవరు కోశాను. పీచులోంచి మెత్తటి బూడిద రంగు మట్టి రాలింది. ఒండ్రు. అంతకుముందు వానల్లో గోదావరి భద్రాచలం పల్లపు వీధుల్లోకి వచ్చినప్పుడు ఇళ్ళల్లో మిగిలిన మట్టి అదే. వేళ్ళ మధ్య నలిపితే తెలిసిపోతుంది.

“ఇది నీళ్ళల్ల మునిగిన బండి మల్లేశం.”

“ఎవడు చెప్పిండు?”

“బండే చెప్తుంది. వాసన చూడు.”

“నిన్ను వాసన చూడమన్ననా? కవర్లు కుట్టమన్న.”

అతని చేయి పట్టుకుని బండిలోకి తీసుకెళ్ళాను. ఫ్లోర్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి కొంచెం నొక్కాను. అది రేకులోంచి దిగిపోయింది. తీస్తే ఆ రంధ్రంలోంచి కింద నేల కనపడింది.

“గీ రేకు కోసి కొత్తది వెయ్యాలె. లేకుంటే సీటు బోల్టు దేన్ని పట్టుకుంటది?”

“టింకర్‌కు చెప్త తియ్. సీట్లయితే జల్దీ ఇయ్యి. కొనేటోళ్ళు ఎదురుచూస్తున్రు.”

టింకర్ అంటే బండి రేకు పని చేసేవాడు. అది న్యాయమైన మాటే అనుకున్నాను. పాత పీచు పారేసి కొత్తది నింపి, ఎర్ర రెక్జిన్ వేసి, సీట్లు అప్పజెప్పాను. మల్లేశం వాటిని రిక్షాలో వేయించుకుని టింకర్ షెడ్డుకు తీసుకుపోయాడు. సీట్లు బిగించింది అక్కడ. నేను కాదు. ఈ ఒక్క వాక్యం దయచేసి గుర్తుంచుకోండి. ఇంతవరకు ఎవరూ గుర్తుంచుకోలేదు.

తర్వాతి వారం అదే వ్యాను కొనేవాళ్ళతో సహా నా షాపు ముందు ఆగింది. కొంటున్నవాడి పేరు సక్రు. కారేపల్లి దగ్గర ఒక తండా. అంగడి రోజున తండా జనాన్ని, కూరగాయలను ఇల్లెందు చేర్చడం, మిగతా రోజుల్లో భద్రాచలం, పర్ణశాల యాత్రలకు కిరాయికి తిప్పడం అతని ఆలోచన. దానికోసం ఎడ్లను అమ్మేశాడు. ఇక అరక కట్టడానికి ఏమీ లేదు, బండి నడిస్తేనే ఇల్లు నడుస్తుంది. వెంట అతని తల్లి కమ్లి, అక్క మొగుడు లాలు వచ్చారు. లాలు బొగ్గు లారీ డ్రైవరు.

“అన్నా, డ్రైవర్ సీటు జర ఎత్తు చెయ్యి,” అన్నాడు లాలు. “మా బామ్మర్ది పొట్టోడు. రోడ్డు కనపడకుంటే ఎట్ల?”

సక్రు నవ్వాడు. నేను కొలత తీసుకుంటుంటే, కమ్లి వెనక ఎక్కి మొదటి బెంచీ మీద కూర్చుంది. అరచేత్తో రెక్జిన్ నిమిరింది. కూర్చున్నచోటే ఒకసారి పైకీ కిందికీ ఊగింది.

“మెత్తగున్నది. గీ సీటు నాదే. ఎవ్వల్ని కూసోనియ్య.”

“అత్తా, నువ్వు కూసుంటే టికెట్ ఎవలిస్తరు?” అన్నాడు లాలు.

“నా ఎడ్లు ఇచ్చినయ్ పో టికెట్.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ తర్వాత నా కళ్ళు ఫ్లోర్ మీదికి పోయాయి. కొత్త రబ్బరు మ్యాట్ అంచులదాకా బంకతో అతికించి ఉంది. పని సరిగ్గా చేసినవాడు మ్యాట్‌ను అలా అతికించడు, ఎత్తి చూపించడానికి వదిలిపెడతాడు. సుత్తి పిడితో డ్రైవర్ కాళ్ళ దగ్గర కొట్టాను, టంగుమంది. మొదటి బెంచీ కాళ్ళ దగ్గర కొట్టాను, అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగింది. టింకర్ రేకు మార్చలేదు. చిల్లుల్లో పుట్టీ పూసి, పైన రంగు వేసి, మ్యాట్ పరిచాడు. పుట్టీ అంటే సొట్టలు కప్పే పిండి, దానికి బలం ఉండదు.

“సక్రూ, ఇటు రా. నువ్వు కొట్టు. ఇక్కడ కొట్టు, మళ్ళ ఇక్కడ కొట్టు.”

అతను కొట్టి చూశాడు. తేడా అతనికీ వినిపించింది. మొహంలో తెలిసింది.

“కింద రేకు లేదు. బండి కొనకు. కొంటే సీట్లిప్పించి, రేకు మార్పించి కొను.”

లాలుకు కోపం వచ్చింది. “ఇంజన్ విన్నవా నువ్వు? ఎట్ల పాడుతున్నదో? సూది దారం పట్టుకొని బండి పాస్ చేస్తున్నవా?”

“ఇంజన్ మంచిదే. నేను ఇంజన్‌ను అంటలేను.”

“మరేంది? బండి ఇంజన్ మీద నడుస్తదా, రేకు మీద నడుస్తదా?”

ఇంజన్ నిజంగానే మంచిది. బ్రేకులూ మంచివే. లాలు అబద్ధం చెప్పలేదు. నాకు వినిపించాలని వెళ్ళి ఇంజన్ స్టార్ట్ చేసి రేజ్ చేశాడు. ఆ చప్పుడులో నేను సక్రును బండి వెనక్కి తీసుకుపోయి, మాట ఇంకా విప్పి చెప్పాను.

“గట్టిగ బ్రేకు కొడితే సీటు మనుషులతోని సహా లేచివస్తది. మొదటి బెంచీ మరీ పాడు. మీ అమ్మ కూసున్నదే.”

“అన్నా, బయానా పైసలు ఇచ్చిన. రేపు కొబ్బరికాయ కొడుతున్నం.”

“బయానా పోతే పోనీ తమ్ముడూ.”

 బండిలోంచి కమ్లి తల బయటపెట్టి, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. నేను ఏమంటున్నానని అడిగిందని చూపును బట్టి అర్థమైంది. సక్రు వాళ్ళ భాషలోనే పొట్టిగా జవాబు చెప్పాడు. ఆమె నవ్వింది. సీటును ఇంకోసారి తట్టింది. అతను ఏం చెప్పాడో నాకు తెలియదు. వాళ్ళ భాష నాకు రాదు.

నెల తిరగలేదు. తండావాళ్ళతో పర్ణశాల పోతుంటే దుమ్ముగూడెం దాటాక అడవి అంచున గేదె అడ్డం వచ్చింది. సక్రు బ్రేకు కొట్టాడు. బ్రేకు బాగా పట్టింది. బండి ఆగింది, సీటు ఆగలేదు. మొదటి బెంచీ ముగ్గురు మనుషులతో లేచి, డ్రైవర్ వెనక ఉన్న ఇనప కమ్మీకి కొట్టుకుంది. ఇద్దరికి చేతులు విరిగాయి. కమ్లిని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. సాయంత్రం దాకా బతకలేదు.

కొన్నాళ్ళకు లాలు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, ఆ బెంచీని నా షాపు ముందు పడేశాడు. రెక్జిన్ మీద ఒక్క గీత కూడా లేదు.

“గిది నీ పేరే గద? సదువు.” సీటు తిప్పి నా గుడ్డ పట్టీ చూపించాడు. “నీ సీటే చంపింది మా అత్తను.”

“బోల్టు చూడు లాలూ. నట్టు ఊడలే. రేకు చిరిగివచ్చింది.”

ఫ్రేమ్ కాళ్ళకు బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఒక్కోదానికి తుప్పు రేకు ముక్క, దాని చుట్టూ పుట్టీ పెళ్ళలు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కానీ ఎవరూ వంగి చూడలేదు.

“నేను ముందే చెప్పలేదా నీకు?”

“రేకు అన్నవు. సీటు లేస్తదని అన్నవా? నాతోని అన్నవా?”

లాలుతో అనలేదు. నిజమే. ఆ మాట సక్రు ఒక్కడికే చెప్పాను. సక్రు రోడ్డవతల నిలబడి ఉన్నాడు, గుండు చేయించుకున్నాడు. “సక్రూ, నేను చెప్పిన్నా లేదా? నువ్వు చెప్పు,” అని గట్టిగా అడిగాను. అతను ఆ ఎర్ర సీటునే చూస్తూ నిలబడ్డాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. కాసేపటికి అందరితో పాటు వెళ్ళిపోయాడు.

తర్వాత బండిని చూడటానికి రవాణా ఆఫీసు నుంచి ఒక ఇన్స్పెక్టర్ వచ్చాడు. కారణం దగ్గర “సీటు బిగింపులో లోపం” అని రాశాడని తెలిసి పరుగెత్తాను. బిగించింది నేను కాదన్నాను, ఆ బెంచీ నా షాపులోనే ఉంది, వచ్చి చూడమన్నాను. “బండిలో మిగిలిన సీట్ల మీద కూడా నీ పేరే ఉంది కదయ్యా” అన్నాడు. మల్లేశం నేను అసలేమీ చెప్పలేదని చెప్పి, సత్తుపల్లి వైపు మకాం మార్చాడు. పై ఆఫీసులో అర్జీ ఇచ్చాను. చూస్తామన్నారు. మళ్ళీ ఇచ్చాను, ఏ అర్జీ అన్నారు. గ్యారేజీల లైన్లో డ్రైవర్లు నన్ను చూసి, “వెంకన్న సీటెక్కితే నేరుగా స్వర్గానికే” అనేవాళ్ళు. వ్యాన్ల పని తగ్గింది, తర్వాత పోయింది. ఇప్పుడు కుర్చీలకు, సైకిల్ సీట్లకు కవర్లు కుడుతున్నాను. గుడ్డ పట్టీ కుట్టడం మానేశాను.

ఆ బండి ఏం నేర్పిందని అడుగుతారు కదా, చెబుతాను. పాత వ్యాన్ కొనేవాళ్ళు రంగు చూడొద్దు, ఇంజన్ దగ్గరే ఆగిపోవద్దు. బండిని ఎండలో తలుపులు మూసి ఉంచి, తెరవగానే వాసన చూడండి. సీట్లు విప్పించండి. మ్యాట్ ఎత్తనివ్వకపోతే అక్కడినుంచే వెనక్కి తిరగండి. మునిగిన బండి చవకగా వస్తుంది, అది చవక కాదు. ఇది నాకు అప్పుడే తెలుసు, అప్పుడే చెప్పాను కూడా. కొత్తగా నేర్చుకుంది ఏమిటంటే, నిజం చెప్పిన మనిషి గెలవడానికి నిజం సరిపోదు. విన్నవాడు విన్నానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సక్రు మీద ఏం పడుతుందో నాకు తెలుసు. తల్లిని ఆ సీటు మీద కూర్చోబెట్టింది తనే అవుతాడు. అది తెలిసి కూడా నేను అడగడం మానలేదు, మానను.

వ్యాను తుక్కు కింద పోయింది. సక్రు దమ్మపేట వైపు తోటల్లో కూలికి పోతున్నాడని విని, ఒకసారి బస్సెక్కి వెళ్ళాను. దూరం నుంచే నన్ను చూశాడు. చేతిలోని గంప దించి, చెట్ల మధ్యలోకి వెళ్ళిపోయాడు. పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చున్నాను, రాలేదు.

ఆ ఎర్ర బెంచీ ఇంకా నా షాపు అటక మీదే ఉంది, బోల్టులతో, రేకు ముక్కలతో సహా. ఇన్స్పెక్టర్లు రాకపోతే పోనీ, ఆఫీసువాళ్ళు జవాబివ్వకపోతే పోనీ. ఈ పేజీవాళ్ళు ఈసారైనా వేస్తే, తండాలో ఎవరైనా దీన్ని సక్రుకు చదివి వినిపించండి. సక్రూ, నా పేరు బాగుచెయ్యమని నిన్ను ఇక అడగను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు మీ అమ్మ అడిగినప్పుడు, నేను చెప్పిన మాట ఆమెకు చెప్పావా? ఆమె విని కూడా నవ్వి ఆ సీటు మీదే కూర్చుందా, లేక నువ్వు ఇంకేదైనా చెప్పావా? దానికి జవాబు ఇయ్యి.