తమ్ముడి లారీ ఎక్కుడు ఎక్కనన్న రోజు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్లు మంట. బండి ఆగితే దానికో కారణం ఉంటుంది. ఇన్నేళ్లు లారీ నడిపి నేను నమ్మింది అదొక్కటే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ చిరాకు.

నా తమ్ముడు దేవదానం జబ్బుచేసి పోయాక, అతని లారీ సీతారామపురంలో ఇంటి ముందే ఎండకు ఎండుతూ ఉండిపోయింది. దాన్ని ఆత్మకూరులో తుక్కు కింద అమ్మేశానని తమ్ముడి భార్య మరియమ్మ వాళ్లన్న ప్రకాశం ఫోన్ చేశాడు. ఇంజన్ స్టార్టు కాదు, నీ లారీతో లాక్కుపోవాలన్నాడు. వెళ్లాను. రెండు బళ్ల మధ్య ఇనప రాడ్ బిగిస్తుంటే మరియమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దుఃఖమనుకున్నాను.

తమ్ముడి బండి స్టీరింగు ప్రకాశం పట్టుకున్నాడు. ఉదయగిరి దారిలో కొండ ఎక్కుడు మొదలవగానే నా బండి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఆపి, చల్లారాక మూత తీసి చూశాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది. పైపులు ఎక్కడా కారడం లేదు. మొన్ననే రేడియేటర్ బాగుచేసిన మెకానిక్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

అతను అంతా విని, "వెనక బండి విప్పేసి, నీ బండి ఒక్కటే ఎక్కించి చూడన్నా" అన్నాడు.

వెనక బండి చక్రాలకు రాళ్లు పెట్టి, విప్పేసి, నాదొక్కటే ఎక్కించాను. ముల్లు కదల్లేదు. మళ్లీ తగిలించి లాగితే మళ్లీ ఎర్రగీత. ఇంతకు రెండింతల బరువుతో ఇదే ఎక్కుడు ఎక్కిన బండి నాది! దిగి వెనక బండి చక్రం దగ్గర చెయ్యి పెట్టాను. బ్రేకు డ్రమ్ము కాలిపోతోంది.

"ఎక్కుడులో బ్రేకు తొక్కతావేంది బావా? బుద్ధుండాదా నీకు?" అని తలుపు లాగాను.

ప్రకాశం రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నేను తొక్కలా బావా. అదే దిగిపోయినాది."

పెడల్ అడుగంటా దిగి ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి లేదు. గేరు న్యూట్రల్‌లోనే ఉంది.

నాకు భయం వేయలేదు. ఎందుకో కోపమే వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసిన మరియమ్మ గుర్తొచ్చింది. "బండి అమ్మమని మరియమ్మ చెప్పినాదా?" అని అడిగాను.

"ఆడమనిషి, దాన్ని అడిగేదేంది?"

అక్కడే మరియమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మమనింది నువ్వేనంట గదా బావా. మా అన్న చెప్పినాడు" అంది. గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది.

ప్రకాశం చొక్కా పట్టుకున్నాను. కొట్టలేదు. బళ్లు వెనక్కి తిప్పి, వద్దు బావా అని బతిమాలుతున్నా అదే సీట్లో కూర్చోబెట్టాను. తిరుగుదారిలోనూ ఒక ఎక్కుడు ఉంది. నా బండి ముల్లు మధ్యలోనుంచి కదల్లేదు.

తర్వాత అదే మెకానిక్‌ను సీతారామపురం పిలిపించాను. "బ్రేకాయిల్ చుక్క లేదన్నా. అందుకే పెడల్ దిగిపోయినాది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

"మరి చక్రాలెట్ట పట్టుకున్నాయి?"

డ్రమ్ములు నాలుగూ విప్పి చూశాడు. లోపల ఏదీ పట్టేసి లేదు. ఆయిల్ లేకుండా బ్రేకు పడనే పడదన్నాడు. మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

బండి బాగుచేయించి, ఇప్పుడు మరియమ్మే డ్రైవరును పెట్టి తిప్పిస్తోంది. చక్రాలు ఎలా పట్టుకున్నాయని కనబడిన మెకానిక్‌నల్లా అడిగాను. ఒక్కడూ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను.