మస్తాన్ మామ విప్పిన కనకాంబరాలు

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా వీధి మొత్తానికి ఒక్కటే కారు. పక్కింటి మస్తాన్ మామది. ఎవరో వాడి వదిలేస్తే మద్రాసులో కొనుక్కొచ్చిన బూడిద రంగు చిన్న కారు... ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ స్టార్టయ్యేది కాదు. నలుగురు పట్టే దాంట్లో ఎనిమిది మందిమి ఎక్కేవాళ్ళం. అద్దాలు దించితే దారిలో దుమ్మంతా మా తలల్లోనే!

నాకు ఎనిమిదేళ్ళప్పుడు వేరుశనగ చేలో పాము కరిచింది. మామ అన్నం తింటున్నవాడు చెయ్యైనా కడుక్కోకుండా వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. ఆత్మకూరు ఆస్పత్రి దాకా, "కండ్లు మూయబాక పాపా! నాతో మాట్లాడతా ఉండు" అని అరుస్తూనే నడిపాడు. ఆ రోజు ఆ కారు లేకపోతే నేను లేను.

నాలుగేళ్ళ తర్వాత అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది ఆత్మకూరు, పెళ్ళి కూడా అక్కడే. బయల్దేరే రోజు మామ కారు కడిగి, ముందంతా కనకాంబరాల దండలు కట్టి మా వాకిట్లో నిలబెట్టాడు. "మన పిల్లను నేనే తీసకపోయి దించాల" అని నాయనతో అప్పటికే పదిసార్లు చెప్పి ఉంటాడు.

అంతలో పెళ్ళివారు పంపిన కారు వచ్చింది... పొడుగ్గా, నల్లగా, మొహం కనిపించేంత నున్నగా. లోపల ఏసీ అట! వీధంతా చుట్టూ మూగింది.

నాయన ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. నేనే నోరు జారాను...

"అక్కా, దీంట్లోనే పోదాం. ఆ డొక్కు కార్లో పోతే అందరూ నవ్వుతారు!"

మామ విన్నాడు. తన కారు దండలు ఒక్కొక్కటే విప్పి, తన చేత్తోనే ఆ నల్ల కారుకు కట్టాడు.

"పాప చెప్పింది నిజమేలే అన్నా... పెళ్ళికూతురు చల్లంగా పోనీ."

అవ్వ మాత్రం కొత్త కారు వైపు చూడనైనా చూడలేదు. "నేను మస్తాను బండ్లోనే వస్తా. మన బిడ్డను బతికించిన బండిరా అది!" అంది నాయనతో. చూసింది మాత్రం నన్ను.

ఏసీ కారులో అద్దాలన్నీ మూసే ఉన్నాయి. "సీట్లు మాపబాకండి" అన్నాడు డ్రైవరు. మెత్తగా ఉంది, చల్లగా ఉంది... దారంతా సీటు మాయకుండా కాళ్ళు ముడుచుకునే కూర్చున్నాం. వెనక్కి తిరిగితే మామ కారు కాసేపు దుమ్ములో కనిపించి, తర్వాత కనిపించలేదు.

పెళ్ళిలో మామ విస్తళ్ళు వేశాడు, నాతో ఎప్పటిలాగే నవ్వాడు. కానీ ఆ తర్వాత "ఎక్కు పాపా" అని నన్ను ఎప్పుడూ పిలవలేదు. నేనూ అడగలేకపోయాను. రెండేళ్ళకు ఆ కారు అమ్మేసి, లారీ నడపడానికి నెల్లూరు వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళకు ఒకసారి ఆత్మకూరు బస్టాండులో కనిపించాడు. "బాగుండావా పాపా? పిల్లోళ్ళెంతమంది?" అన్నాడు. ఆ రోజు నేనన్న మాట తప్పని చెప్పేద్దామనుకున్నాను... అంతలో నా బస్సు కదిలింది. తర్వాత ఆయన పోయాడని ఎవరో చెబితే విన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో రెండు ఏసీ కార్లు... ఒక్కోదాంట్లో ఒక్కొక్కరమే వెళ్తాం.

మీ వీధిలోనూ అలాంటి మనిషి ఉండేవాడా? ఇంకా ఉంటే... ఇక్కడ ఆయన గురించి రాసే ముందు, ఒకసారి వెళ్ళి ఆయనతో మాట్లాడి రండి.