జ్యోతి పక్కన కుర్చీ

పెన్సిల్ రాతను రబ్బరుతో గట్టిగా రుద్దితే వచ్చే వాసన నాకు ఇప్పటికీ కడుపులో మంట పెడుతుంది. బాపట్లలో మా ముందుగదిలో సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలకు స్పానిష్ చెబుతుంటాను. నిన్న ఒక అమ్మాయి వంచిన తల ఎత్తకుండా ఏదో చెరుపుతుంటే ఆ వాసన వచ్చింది. నాకు ఈ భాష నేర్పిన ఎస్తేరు టీచర్ గారు గుర్తొచ్చారు. వెంటనే నాతోపాటు నేర్చుకున్న జ్యోతి కూడా గుర్తొచ్చింది. జ్యోతి లేకుండా ఆవిడ ఒక్కరే నాకెప్పుడూ గుర్తు రారు. అదే నా బాధ.

టీచర్ గారిది రేపల్లె. స్పెయిన్‌లో ఒక ముసలావిడకు నర్సుగా పన్నెండేళ్ళు పనిచేసి తిరిగొచ్చారు. తెనాలిలో ఒక టైలరు షాపు పైగదిలో, కంపెనీ ఉద్యోగాల మీద ఆశతో వచ్చిన మాలాంటివాళ్ళకు పొద్దునపూట ఆ భాష నేర్పేవారు. నేను నందివెలుగు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ నెలంతా భూతకాలం. వెతకడం అంటే బుస్కార్. నేను వెతికాను అనాలంటే బుస్కే. పలకడం తేలికే గాని, రాతలో సి పోయి దాని చోట క్యూ, యూ వస్తాయి. "నోటికి శబ్దం మారకూడదనే చేతికి అక్షరం మారుస్తారమ్మా," అనేవారు ఆవిడ. నాకు ఒక్కసారి చెబితే చాలు. నా పుస్తకం చూసి, "బాగుందమ్మా" అని టిక్కు పెట్టి వెళ్ళిపోయేవారు. జ్యోతికి ఎన్నిసార్లు చెప్పినా పాత అక్షరమే. ఆవిడ కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చునేవారు, చేతిమీద చెయ్యి వేసి రాయించేవారు. అన్నీ వచ్చిన నాకు ఒక్క మాట, ఏమీ రానిదానికి అరగంటా? ఆ అరగంటా కుళ్ళుకుంటూ కూర్చునేదాన్ని.

చివరికి నేనూ తప్పులు రాయడం మొదలుపెట్టాను. అది కూడా సరిగ్గా చేతకాలేదు. చెయ్యి ముందు ఒప్పే రాసేది. దాన్ని చెరిపి, పైన తప్పు రాసేదాన్ని. మూడో రోజు ఆవిడ నా పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నారు. చెరిపినా పెన్సిల్ నొక్కు కాగితం మీద అలాగే ఉంది.

"కింద ఒప్పు, పైన తప్పు. ఏంటమ్మా ఇది?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "మీరు ఎప్పుడూ జ్యోతి పక్కనే కూర్చుంటారండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "దానికి రాదు కాబట్టి కూర్చున్నాను. నీకు రానిదేంటో చెప్పు, నీ పక్కనా కూర్చుంటా."

ఆవిడ చేతిలోని పుస్తకంలో టిక్కులున్న పాత పేజీలు తిప్పి చూపించాను.

"నీకు నోరు తెరవడం రాదు. రేపు ఇంట్లో చెప్పి రా. నాతో రేపల్లె బండెక్కుదువుగాని."

మర్నాడు మధ్యాహ్నం బండెక్కాకే తెలిసింది, జ్యోతిదీ రేపల్లేనని, వాళ్ళిద్దరూ రోజూ కలిసే వచ్చిపోతారని. రానూ పోనూ ఆ పక్క సీటు జ్యోతిదేనన్నమాట. నా ప్రాణం చివుక్కుమంది. ఆవిడ జ్యోతిని ఎదుటి సీటుకు పంపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నిన్నంతా ఏం చేశావో స్పానిష్‌లో చెప్పమన్నారు. ఇంటికి చేరాను అనాలి. కాగితం మీద ఏనాడూ తప్పని మాటే. అక్షరాలు కళ్ళముందు కనబడి, రాతలోనే తప్ప నోట పలకని యూతో సహా ఉన్నదున్నట్టు చదివి "యెగ్వే" అన్నాను.

"యెగే అనాలక్కా," అంది జ్యోతి కిటికీలోంచి చూస్తూనే.

ఒళ్ళు మండింది. టీచర్ గారు మాత్రం నా చేతిమీద చెయ్యి వేశారు. "ఇది నిజం తప్పు. మళ్ళీ చెప్పు," అన్నారు.

రేపల్లె వచ్చేదాకా తప్పులు మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఏ మార్కులకూ నాకంత సంతోషం కలగలేదు. స్టేషన్ బయట వాళ్ళిద్దరూ ఒకే వీధివైపు నడిచి వెళ్ళారు. నేను తిరుగు బండిలో ఒక్కదాన్నే తెనాలి వచ్చాను.

ఆవిడ పోయిన సంగతి ఎన్నో ఏళ్ళ తరవాత జ్యోతే ఫోన్ చేసి చెప్పింది. "చివర్లో పక్కనే ఉన్నానక్కా," అంది. ఏడుపు కంటే ముందు నాకు అసూయ వచ్చింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

నిన్న ఆ అమ్మాయి పుస్తకాన్ని కూడా కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. పైనా తప్పే, కిందా తప్పే. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని రాయించాను. కాసేపటికి తల ఎత్తితే, అన్నీ ఒప్పే రాసిన పిల్ల ఎదురుగా కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

"నువ్వు రాసింది పైకి చదువమ్మా, వింటాను," అని ఇంకో కుర్చీ నా పక్కకు లాగాను.